450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, బీ450 బోర్డు: గేమింగ్ పీసీ అప్‌గ్రేడ్‌కి ముందు చదవాల్సిన రెండు పట్టికలు

2018-2020 మధ్య అసెంబుల్ చేయించుకున్న గేమింగ్ పీసీల్లో తరచూ కనిపించే సరంజామా ఇది: రైజెన్ 5 1600 లేదా 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1060 లేదా 1660 సూపర్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీ భాగాలకి కరెంటు పంచే పవర్ సప్లై యూనిట్). పాత గేమ్‌లు 1080పీలో ఇప్పటికీ బాగానే నడుస్తాయి. కొత్త గేమ్‌ల దగ్గరే చిక్కు. ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే గూడు) పుణ్యమా అని బోర్డు, ర్యామ్ మార్చకుండానే ఈ పీసీకి ఇంకో నాలుగైదేళ్ల ఆయుష్షు పోయవచ్చు. రైజెన్ 5 5600, రైజెన్ 7 5700ఎక్స్, 5700ఎక్స్3డీ, 5800ఎక్స్3డీ అన్నీ అదే సాకెట్‌లో కూర్చుంటాయి.

అయితే ఇలాంటి అప్‌గ్రేడ్‌లు ఎక్కువగా చెడేది రెండు ఊహల దగ్గర. సాకెట్ ఒకటే కాబట్టి ప్రాసెసర్ పనిచేస్తుందనుకోవడం ఒకటి, పెట్టె మీద 450 అని ఉంది కాబట్టి కరెంటు చాలుతుందనుకోవడం రెండోది. సాకెట్ పేరు చూస్తే చిప్ అందులో పడుతుందా లేదా అన్నంత వరకే తెలుస్తుంది. వాట్ల అంకె చూస్తే అన్ని లైన్ల మొత్తం తెలుస్తుంది, అంతే. అసలు జవాబు రెండు పట్టికల్లో ఉంటుంది. ఒకటి బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీలో ఉండే సీపీయూ సపోర్ట్ లిస్టు. రెండోది ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించి ఉండే లేబుల్. డబ్బు కట్టే ముందు ఈ రెండూ చదవడానికి అరగంట చాలు.

లేబుల్‌లో చూడాల్సింది 12 వోల్టుల గడి

క్యాబినెట్ పక్క ప్యానెల్ తీస్తే లేబుల్ కనబడవచ్చు. కనబడకపోతే వెనకవైపున్న నాలుగు స్క్రూలు విప్పి, యూనిట్‌ని కాస్త బయటికి లాగి ఫొటో తీసుకోవాలి. అందులో +3.3వీ, +5వీ, +12వీ అని గడులుంటాయి. ప్రతి గడి కింద ఆంప్స్ ఉంటాయి.

ఇవాళ్టి పీసీలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ దాదాపు కరెంటంతా 12 వోల్టుల లైను నుంచే లాగుతాయి. 3.3, 5 వోల్టుల లైన్లు ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ పోర్టులు, బోర్డు మీది చిన్నాచితకా అవసరాలకి. కాబట్టి గేమింగ్ పీసీకి లెక్కలోకి వచ్చేది 12 వోల్టుల గడి ఒక్కటే. అక్కడ 34 ఆంప్స్ అని ఉంటే 12తో గుణిస్తే 408 వాట్లు. అదే 450 వాట్లు అని రాసిన ఇంకో యూనిట్‌లో 12 వోల్టుల కింద 16 ఆంప్స్ అని ఉంటే వచ్చేది 192 వాట్లే. మిగతాదంతా వాడుకలోకి రాని 3.3, 5 వోల్టుల లైన్ల మీద చూపించి మొత్తం 450 చేశారన్నమాట. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ రెండో రకం చాలా ఎక్కువ. వాటి మీద 8 పిన్నుల పీసీఐఈ కనెక్టర్ కనిపించినా సరే, గ్రాఫిక్స్ కార్డు తగిలించకూడదు.

కొన్ని లేబుళ్ల మీద 12వీ1, 12వీ2 అని రెండు గడులుంటాయి. వాటి ఆంప్స్‌ని కూడితే తప్పు లెక్క వస్తుంది. రెండూ ఒకే మూలం నుంచి వచ్చే పాయలు. కింద 12 వోల్టులకి కలిపి గరిష్ఠంగా ఎన్ని వాట్లో వేరే రాసి ఉంటుంది, తీసుకోవాల్సింది ఆ అంకెనే. ఆ అంకె అసలు రాయని యూనిట్ అయితే దాని మీద లెక్క వేయకపోవడమే మంచిది.

80 ప్లస్ గుర్తు గురించి అపోహ ఒకటుంది. బ్రాంజ్, గోల్డ్ అనేవి గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడిగా వృథా అవుతుందో చెప్పే కొలతలు. యూనిట్ ఎంత దృఢమైనదో, షార్ట్ అయితే కార్డుని కాపాడుతుందో లేదో అవి చెప్పవు. మంచి యూనిట్లకి సాధారణంగా ఆ గుర్తు ఉంటుంది నిజమే, కానీ ఆ గుర్తున్నవన్నీ మంచివి కావు. వాట్ల అంకె బయటికిచ్చే శక్తి అని కూడా గుర్తుంచుకోవాలి. లోపలి భాగాలు 400 వాట్లు వాడుతున్నప్పుడు యూనిట్ సామర్థ్యం 85 శాతం ఉంటే గోడ నుంచి దాదాపు 470 వాట్లు లాగుతుంది. యూపీఎస్ ఎంచుకునేటప్పుడు పనికొచ్చేది ఈ అంకె.

ఇంకో వివరం మన వాతావరణానికి బాగా వర్తిస్తుంది. తన పూర్తి వాట్లని ఎంత ఉష్ణోగ్రత దగ్గర ఇవ్వగలదో కంపెనీ డేటాషీట్‌లో చెబుతుంది. కొన్నింటికి 50 డిగ్రీలు, చవక యూనిట్లకి 40. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో బయటే 44, 45 డిగ్రీలున్న రోజున, ఏసీ లేని గదిలో, క్యాబినెట్ లోపలి వేడి గాలిని పీల్చే ఎస్‌ఎంపీఎస్‌కి 40 డిగ్రీల హామీ ఎందుకూ కొరగాదు. డిసెంబరులో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన పీసీ ఏప్రిల్‌లో గేమ్ మధ్యలో ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. క్యాబినెట్‌లో ఎస్‌ఎంపీఎస్ కిందివైపు ఉండి, అడుగున జాలీ ఉంటే ఫ్యాన్ కిందికి చూసేలా బిగించాలి. అప్పుడు అది గది గాలిని పీలుస్తుంది, కార్డు వదిలిన వేడిని కాదు.

వాట్ల లెక్క ఎలా వేయాలి

ప్రాసెసర్ పెట్టె మీది టీడీపీ (థర్మల్ డిజైన్ పవర్, కూలర్ తోడేయాల్సిన వేడి కొలత) అంకె అది లాగే గరిష్ఠ శక్తి కాదు. ఏఎం4లో 105 వాట్ల తరగతి చిప్‌కి సాకెట్ నుంచి లాగడానికి అనుమతించిన పరిమితి 142 వాట్లు. 65 వాట్ల తరగతికి అది 88, రైజెన్ 5 5600ఎక్స్ లాంటి వాటికి 76. ఇంటెల్‌లో తేడా ఇంకా ఎక్కువ: కోర్ ఐ5 12400ఎఫ్ మీద 65 అని ఉంటుంది, టర్బోలో 117 దాకా పోతుంది. కోర్ ఐ9 14900కే మీద 125 అని ఉంటే టర్బో పరిమితి 253. లెక్కకి పెద్ద అంకెనే తీసుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డులకి కంపెనీలు చెప్పే బోర్డు పవర్ కాస్త నమ్మదగినది. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060కి 145, 5060 టీఐకి 180, 5070కి 250, 5070 టీఐకి 300. రేడియన్ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 160, 9070కి 220, 9070 ఎక్స్‌టీకి 304. మూడు ఫ్యాన్ల ఓవర్‌క్లాక్ మోడళ్లకి దీని మీద మరో పది, పదిహేను శాతం కలపాలి.

ఇప్పుడు మన బీ450 పీసీకి లెక్క. 105 వాట్ల తరగతి ప్రాసెసర్‌కి 142. బోర్డు, రెండు ర్యామ్ స్టిక్‌లు, ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్, నాలుగు ఫ్యాన్లు, యూఎస్‌బీ సామాన్లకి కలిపి 55. కార్డు 5060 టీఐ అయితే 180. మొత్తం 377. మంచి 450 వాట్ల యూనిట్ 12 వోల్టుల మీద 408 ఇస్తుంది కాబట్టి కాగితం మీద సరిపోయింది. పైగా గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్ 142 దాకా పోదు. 5800ఎక్స్3డీ, 5700ఎక్స్3డీ లాంటివి ఆటల్లో అందులో సగం దగ్గరే తిరుగుతుంటాయి. ఈ కార్డుకి ఎన్విడియా సూచించేది మాత్రం 600 వాట్లు. ఇది కేవలం అమ్ముకోవడానికి పెంచి చెప్పిన అంకె కాదు. ఏ బ్రాండ్ యూనిట్ వాడతారో కంపెనీకి తెలియదు కాబట్టి నాసిరకాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చెబుతుంది. రెండో కారణం క్షణికంగా ఎగిసే లోడు.

గ్రాఫిక్స్ కార్డు 250 వాట్లు లాగుతుందంటే అది సగటు. మిల్లీసెకన్లకంటే తక్కువ వ్యవధిలో ఆ కార్డు అందుకు రెట్టింపు దగ్గరికి ఎగిసి దిగుతుంటుంది. ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు మంచి పేరున్న ఎస్‌ఎంపీఎస్‌లు కూడా టక్కున ఆగిపోవడానికి మూలం ఇదే: యూనిట్ లోపలి రక్షణ సర్క్యూట్ ఆ ఎగుడుని ప్రమాదంగా భావించి కరెంటు కట్ చేసేది. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, 450 వాట్లు దాటిన యూనిట్లు తమ వాట్లకి రెట్టింపు లోడు 100 మైక్రోసెకన్ల పాటు వచ్చినా తట్టుకోవాలని నిబంధన పెట్టారు. ఇవాళ కొత్త యూనిట్ కొంటే ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని రాసి ఉన్నదే తీసుకోవడం తెలివైన పని.

అందువల్ల ఈ పీసీలో ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 5060 తరగతి కార్డు పెడితే, మంచి బ్రాండ్ 450 యూనిట్ వయసు మూడు నాలుగేళ్లలోపే అయితే నడిపించుకోవచ్చు. ఏడేళ్లు పైబడిందైతే వారంటీ కూడా ఎప్పుడో ముగిసి ఉంటుంది, లోపలి కెపాసిటర్లు ఎండలకి బలహీనపడి ఉంటాయి, మార్చడమే న్యాయం. 5070, 9070 తరగతికి 650 వాట్లు, 5070 టీఐ, 9070 ఎక్స్‌టీ తరగతికి 750. మన పీసీకి 1000 వాట్ల యూనిట్ కొనడం డబ్బు దండగ. ఆ తేడాతో 8 జీబీ కార్డు బదులు 16 జీబీ కార్డు వస్తుంది.

కేబుళ్లు: నష్టం ఎక్కువగా జరిగేచోటు

వాట్లు సరిపోయినా కనెక్టర్లు సరిపోకపోవచ్చు. స్లాట్ నుంచి కార్డుకి 75 వాట్లు, 6 పిన్నుల కనెక్టర్ నుంచి 75, 8 పిన్నుల దాన్నుంచి 150 వాట్లు వస్తాయి. పాత 450 యూనిట్లలో చాలావాటికి 6+2 పిన్నుల కేబుల్ ఒక్కటే ఉంటుంది. రెండు 8 పిన్నులు అడిగే కార్డు తెచ్చాక ఈ సంగతి బయటపడితే, దుకాణంలో సాటా (డ్రైవ్‌లకి కరెంటిచ్చే కనెక్టర్) నుంచి 8 పిన్నులకి మార్చే అడాప్టర్ చేతిలో పెడతారు. దాన్ని తీసుకోవద్దు. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల మీద 4.5 ఆంప్స్, అంటే 54 వాట్లకే అనుమతి. దాని మీద 150 వాట్ల భారం మోపితే ప్లాస్టిక్ కరుగుతుంది. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ అడాప్టర్లదీ అదే దారి. కనెక్టర్లు చాలకపోతే ఆ యూనిట్ ఆ కార్డుకి తగినది కాదని అర్థం.

ఒకే కేబుల్‌కి చివర రెండు 8 పిన్నులు వేలాడుతుంటాయి కొన్ని యూనిట్లకి. 200 వాట్లు దాటని కార్డుకి అది ఫరవాలేదు. 250, 300 వాట్ల కార్డుకి ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరువేరు కేబుళ్లు తీసుకెళ్లాలి.

ప్రాసెసర్‌కి ఇచ్చే 8 పిన్నుల కేబుల్, గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే 8 పిన్నుల కేబుల్ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ వాటిలో 12 వోల్టుల తీగలు, గ్రౌండ్ తీగలు తలకిందులుగా ఉంటాయి. ప్రాసెసర్‌ది 4+4గా విడిపోతుంది, కార్డుది 6+2గా. ప్లగ్ మీద సీపీయూ అనో పీసీఐఈ అనో అచ్చు వేసి ఉంటుంది, టార్చి వేసి చదివాకే గుచ్చాలి. బలవంతం చేస్తే తప్ప దిగనిది తప్పు కేబుల్.

అంతకంటే ఖరీదైన పొరపాటు మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లతో జరుగుతుంది. కొత్త యూనిట్ కొన్నారు, పాత కేబుళ్లు క్యాబినెట్ వెనక చక్కగా కట్టి ఉన్నాయి, వాటిని విప్పడం ఎందుకని పాత కేబుళ్లనే కొత్త యూనిట్‌కి తగిలిస్తారు. కార్డువైపు, డ్రైవ్‌వైపు పిన్నులకి ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌వైపు పిన్నులకి ఏ ప్రమాణమూ లేదు. కంపెనీని బట్టి, ఒక్కోసారి ఒకే కంపెనీ మోడల్‌ని బట్టి కూడా మారతాయి. ప్లగ్ సరిగ్గా దిగుతుంది, స్విచ్ వేయగానే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్తాయి, ఎస్‌ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ అక్కడికక్కడే పోతాయి. పాత యూనిట్‌తో పాటు దాని కేబుళ్లన్నీ బయటికి రావాల్సిందే, ఒక్కటి కూడా మిగలకూడదు.

ఎన్విడియా కొత్త కార్డుల మీది 16 పిన్నుల కనెక్టర్‌కి ఇంకో జాగ్రత్త. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర ఇది కరిగిన ఘటనలు వచ్చాయి. ప్లగ్ పూర్తిగా దిగకపోవడం ప్రధాన కారణంగా ఎన్విడియా చెప్పింది. ఆ తర్వాత వచ్చిన 12వీ-2ఎక్స్6 రూపంలో సెన్స్ పిన్నులని (ప్లగ్ దిగిందో లేదో కార్డుకి తెలిపేవి) పొట్టి చేశారు, ప్లగ్ సరిగా దిగకపోతే కార్డు పవర్ తీసుకోదు. 5070 లాంటి 250 వాట్ల కార్డుకి ప్రమాదం తక్కువే అయినా, క్లిక్ అయ్యేదాకా నొక్కడం, ప్లగ్ అంచుకీ కార్డుకీ మధ్య సందు లేదని కంటితో చూడడం, ప్లగ్ నుంచి మూడున్నర సెంటీమీటర్ల లోపు కేబుల్‌ని వంచకపోవడం తప్పనిసరి. పక్క ప్యానెల్ ఆ కేబుల్‌ని నొక్కేసే ఇరుకు క్యాబినెట్లలో ఈ చివరిది కష్టమవుతుంది, ముందే టేపుతో కొలుచుకోవాలి.

డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీల రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో బోర్డుకి ఇచ్చే కనెక్టరూ, ఎస్‌ఎంపీఎస్ ఆకారమూ చాలా మోడళ్లలో వాళ్ల సొంతం. బయటి ఏటీఎక్స్ యూనిట్ అందులో బిగదు, బిగినా ప్లగ్ కలవదు.

ప్రాసెసర్: సాకెట్ ఒక్కటే చాలదు

ఒకే సాకెట్, ఒకే పిన్నులు, అయినా పనిచేయని ఉదాహరణలు కొల్లలు. ఇంటెల్ ఎల్‌జీఏ 1151 సాకెట్‌లో 8, 9 తరాల చిప్‌లు 300 సిరీస్ బోర్డుల మీదే పనిచేస్తాయి, 100, 200 సిరీస్ మీద కాదు. ఎల్‌జీఏ 1200లో 11వ తరం చిప్‌ని హెచ్410, బీ460 చిప్‌సెట్‌లకి ఇంటెల్ అనుమతించలేదు. ఏఎండీలో రైజెన్ 5 2600ని బీ550 బోర్డులో పెట్టడానికి, ఏఎం4 అయినా, ఏఎండీ అధికారిక మద్దతు లేదు. కాబట్టి సపోర్ట్ లిస్టులో ప్రాసెసర్ పేరు వెతకాలి, దాని ఎదురుగా రాసిన బయోస్ (పీసీని లేపే, బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ రాసుకోవాలి. బోర్డు మూలన చిన్న అక్షరాల్లో రివిజన్ 1.0, 1.1 అని ముద్రించి ఉంటే ఆ రివిజన్ పేజీనే చూడాలి, ఎందుకంటే రెండింటి బయోస్ ఫైళ్లు వేరు కావచ్చు.

ప్రస్తుతం ఉన్న బయోస్ ఏదో తెలుసుకోవడానికి విండోస్ సెర్చ్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే చాలు, బయోస్ వెర్షన్, తేదీ రెండూ కనబడతాయి. బీ450 బోర్డుల మీద 5800ఎక్స్3డీకి ఎజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.6బీ లేదా ఆ తర్వాతి బయోస్ కావాలి. 5700ఎక్స్3డీ 2024లో వచ్చింది కాబట్టి ఇంకా కొత్తదే ఎక్కించుకోవడం మంచిది. ఏ320, బీ350, ఎక్స్370 బోర్డులకి కూడా 2022లో ఏఎండీ దారి తెరిచింది, చాలా కంపెనీలు బయోస్ ఇచ్చాయి. అయితే అక్కడ అడ్డొచ్చేది వేరు: నాలుగు ఫేజుల చవక వీఆర్ఎం (ప్రాసెసర్‌కి వెళ్లే వోల్టేజీని సర్దే సర్క్యూట్), దాని మీద హీట్‌సింక్ కూడా ఉండదు. 105 వాట్ల చిప్ పెడితే వీఆర్ఎం వేడెక్కి ప్రాసెసర్ తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అలాంటి బోర్డులకి 5600, 5700ఎక్స్ లాంటి 65 వాట్ల చిప్‌లే తగినవి. 5700ఎక్స్3డీ ఇప్పుడు కొత్తది దొరకడమూ తగ్గింది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే పిన్నులని వెలుతురులో వాలుగా పట్టుకుని చూడాలి, ఒక వరుస వంకరగా కనిపించినా తిరిగి ఇచ్చేయాలి.

బీ450 బోర్డుకి గ్రాఫిక్స్ కార్డు ఎంపికలో కూడా ప్రాసెసర్‌తో ముడిపడిన ఒక చిక్కుంది. ఈ బోర్డు స్లాట్ పీసీఐఈ 3.0. ఆర్‌టీఎక్స్ 4060, 5060, 5060 టీఐ కార్డులు స్లాట్‌లోని 16 లేన్లలో (డేటా వెళ్లే దారుల్లో) 8 లేన్లనే వాడతాయి, కాబట్టి ఇక్కడ వాటికి దొరికే దారి సగానికి తగ్గుతుంది. వీడియో మెమరీ చాలినంత కాలం ఈ తేడా స్వల్పం. 8 జీబీ కార్డులో మెమరీ నిండి ర్యామ్ వైపు పొంగగానే ఆట కుదుపులకి లోనవుతుంది. ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 లేన్ల కార్డు. 16 జీబీ రకం తీసుకుంటే చాలా మోడళ్లకి 8 పిన్నుల కేబుల్ ఒక్కటే చాలు. బీ450, 450 వాట్ల జంటకి ఇంత చక్కగా కుదిరే కార్డు ఇప్పుడున్న వాటిలో మరొకటి కనిపించదు.

కూలర్ కూడా చూసుకోవాలి. 5700ఎక్స్, 5700ఎక్స్3డీ పెట్టెల్లో కూలర్ రాదు. పాత 1600తో వచ్చిన చిన్న కూలర్ ఎక్స్3డీ చిప్‌ల వేడిని మోయలేదు. నాలుగు హీట్ పైపుల టవర్ కూలర్ కొనాలి. దాని ఎత్తు క్యాబినెట్ అనుమతించే ఎత్తులోపు ఉందో లేదో చూడాలి.

బయోస్, చిప్ మార్పిడి వరుస

అన్నీ ఒకేరోజు మార్చి స్విచ్ వేస్తే, డిస్‌ప్లే రానప్పుడు తప్పు ఎక్కడుందో తేల్చలేం. పాత సామాన్లు ఉండగానే ముందు బయోస్, తర్వాత ఎస్‌ఎంపీఎస్, ఒకరోజు నడిచాక ప్రాసెసర్, చివర్లో కార్డు మార్చాలి.

బయోస్ జోలికి వెళ్లే ముందు బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడాలి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపాలి. ప్రాసెసర్ లోపలే ఉండే ఎఫ్‌టీపీఎం (ఆ తాళాలు దాచే భద్రతా భాగం) ప్రాసెసర్‌తోపాటే మారిపోతుంది. కొత్త చిప్‌తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎఫ్‌టీపీఎంని రీసెట్ చేయాలా అని తెర మీద అడుగుతుంది, వై నొక్కగానే పాత తాళాలు పోతాయి. కీ చేతిలో లేకపోతే డ్రైవ్‌లోని డేటా దక్కదు.

పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, జిప్ విప్పి, బయోస్ ఫైలు అందులో వేయాలి. కొన్ని బోర్డులకి నేరుగా కొత్త వెర్షన్ ఎక్కదు, ముందు మధ్య వెర్షన్ ఒకటి ఎక్కించాలని అదే పేజీలో రాసి ఉంటుంది. 16 ఎంబీ రోమ్ ఉన్న పాత బోర్డుల్లో కొత్త చిప్‌లకి చోటు చేయడానికి పాత చిప్‌ల మద్దతు కొంత తీసేసిన బయోస్‌లూ ఉన్నాయి. మన 1600 లేదా 2600 ఆ కొత్త వెర్షన్‌లోనూ నడుస్తుందో లేదో ముందే చదువుకోవాలి. పని జరుగుతుండగా కరెంటు పోతే బోర్డు లేవదు. కాబట్టి యూపీఎస్ మీద పెట్టి చేయాలి, కోతలుండే వేళలో అసలు పెట్టుకోకూడదు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుకి ఈ భయం తక్కువ: ప్రాసెసర్ లేకపోయినా అది బయోస్‌ని మళ్లీ ఎక్కించగలదు, కాకపోతే ఫైలుకి ఆ కంపెనీ చెప్పిన పేరే పెట్టాలి.

ఏఎం4 కూలర్ తీయడంలో ఒక మెళకువ ఉంది. పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, ఎండిన పేస్టు కూలర్‌కి అంటుకుని ఉంటుంది. నిట్టనిలువుగా లాగితే లివర్ బిగించి ఉండగానే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు గేమ్ నడిపి పేస్టు వెచ్చబడ్డాక పీసీ ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. పట్టు వదిలాకే పైకి ఎత్తాలి. కొత్త చిప్ మూలనున్న బంగారు రంగు త్రిభుజాన్ని సాకెట్ మీది త్రిభుజానికి ఎదురుగా పెట్టి వదిలితే తన బరువుకే కూర్చుంటుంది, వేలితో నొక్కాల్సిన పని లేదు. బఠాణీ గింజంత పేస్టు చాలు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు రెండుమూడుసార్లు దానంతటదే ఆగి మొదలవడం మామూలే. బోర్డు ర్యామ్‌ని సరిచూసుకుంటోందన్నమాట, కంగారుపడి స్విచ్ తీయకూడదు. ఈ ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, మానిటర్ కేబుల్ కార్డుకే ఉండాలి. బయోస్ మారినప్పుడు సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి: ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133 లేదా 2400లో నడుస్తుంది, ఫ్యాన్ వేగాలు మారతాయి, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లకి కావాల్సిన ఎస్‌వీఎం (వర్చువలైజేషన్ సెట్టింగు) ఆఫ్ అవుతుంది. విండోస్ డిస్క్‌ని విభజించే పాత ఎంబీఆర్ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉండి, పాత పద్ధతి బూటింగ్‌కి వీలిచ్చే సీఎస్ఎం సెట్టింగుని కొత్త బయోస్ ఆపేస్తే డిస్క్ కనబడినా విండోస్ లేవదు. సీఎస్ఎం తిరిగి ఆన్ చేస్తే లేస్తుంది, తర్వాత తీరికగా కొత్త జీపీటీ పద్ధతికి మార్చుకోవచ్చు.

తేడా కొడితే లక్షణాన్ని బట్టి

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు, బోర్డు మీద సీపీయూ అని రాసిన చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. ఇది సాధారణంగా బయోస్ పాతదవడం లేదా పిన్ను వంగడం. పాత ప్రాసెసర్ మళ్లీ పెడితే లేస్తే బయోస్ వెర్షన్ చూడాలి.

గేమ్ పెట్టిన కొద్దిసేపటికి మొత్తం పీసీ టక్కున ఆగి మళ్లీ లేస్తే అనుమానం మొదట ఎస్‌ఎంపీఎస్ మీదికే పోవాలి. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనబడుతుంది. కానీ అది కరెంటు హఠాత్తుగా పోయిందని చెబుతుందే తప్ప ఎందుకు పోయిందో చెప్పదు. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ని 70 శాతానికి దించి అదే గేమ్ ఆడాలి. ఆగడం మానితే ఎస్‌ఎంపీఎస్ లేదా కేబుళ్ల మీద అనుమానం బలపడుతుంది. 70 శాతంలోనూ అలాగే ఆగితే ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడాలి, ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి ర్యామ్‌ని పరీక్షించాలి. సెన్సర్ల రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో సాఫ్ట్‌వేర్‌లో 12 వోల్టుల రీడింగ్ లోడు మీద 11.4 కంటే దిగితే యూనిట్ తడబడుతోందనుకోవచ్చు. బోర్డు సెన్సర్లు తప్పు చూపడం కూడా ఉంది కాబట్టి మల్టీమీటర్‌తో ఖాయం చేసుకోవాలి.

పీసీ ఆగకుండా తెర మాత్రం నల్లబడి, కార్డు ఫ్యాన్లు పూర్తి వేగంతో మోగితే పవర్ కనెక్టర్ వదులుగా ఉండడం, ఒకే కేబుల్‌తో రెండు 8 పిన్నులు ఇవ్వడం, పాత డ్రైవర్ మిగిలిపోవడం అనే మూడింటినీ ఆ వరుసలోనే చూడాలి. ఎన్విడియా నుంచి రేడియన్‌కి మారినప్పుడు పాత డ్రైవర్‌ని డీడీయూ (డ్రైవర్లని తుడిచే సాఫ్ట్‌వేర్)తో సేఫ్ మోడ్‌లో తొలగించాలి.

కరెంటు పోయినప్పుడు మాత్రమే పీసీ ఆగిపోతూ యూపీఎస్ కీచుమంటుంటే తప్పు పీసీది కాదు. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సాధారణంగా 360 వాట్లే. అప్‌గ్రేడ్ అయిన పీసీ, మానిటర్ కలిసి గోడ నుంచి 400 దాటి లాగుతుంటే దానికి భారం మించుతుంది. వాట్లలో 600 అని రాసి ఉన్న 1000 లేదా 1100 వీఏ యూనిట్ తీసుకోవాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ని సరిచేసే సర్క్యూట్) ఉన్న కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్ని, చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్ల ఆకారపు కరెంటు తరంగానికి మారే క్షణంలో ఆగిపోతాయి. అలా జరిగితే వాట్లు పెంచినా లాభం లేదు, ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్‌కి మారాలి. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటే ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ లేదన్నమాట. కొత్త కార్డు పెట్టేలోపే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ సరిచేయించాలి.